జెండా ఊపి పంపితే సరిపోదు

సంపాదకులకు,

ఒకే దేశంలో ఉంటూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా పెరిగిన యువతను కొన్నాళ్లు ఒకరి ఊరికి ఒకరిని పంపితే కులం, మతం, భాష, ఆస్తి తెచ్చిన దూరాలు తగ్గుతాయన్న మాట తరచూ వినిపిస్తోంది. మాట నిజమే. కాకపోతే దానికి షరతులున్నాయి. అవి ఎక్కడ తప్పుతాయో ఇలాంటి శిబిరాలు నడిపేవాళ్లకు తెలుసు. డబ్బు మంజూరు చేసేవాళ్ల దాకా మాత్రం ఆ కబురు చేరడం లేదు.

అందరినీ ఒకచోట చేర్చి అన్నం పెడితే చాలనుకునేవాళ్లు 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ బృందం నడిపిన శిబిరం గురించి తెలుసుకోవాలి. పదకొండేళ్ల అటూ ఇటూ వయసున్న 22 మంది అబ్బాయిల్ని రెండు జట్లు చేసి పోటీలు పెడితే, ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునే దాకా వెళ్లింది. తర్వాత కలిపి భోజనాలు పెట్టారు, సినిమాలు చూపించారు. భోజనాల దగ్గర తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. మంచినీళ్లు ఆగిపోయి, లారీ మొరాయించి, అందరూ కలిసి చెయ్యి వేస్తే తప్ప గడవని పరిస్థితులు కల్పించాకే వేడి చల్లారింది. ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో మాట్ లో (Matt Lowe) అనే పరిశోధకుడు నడిపిన క్రికెట్ లీగుల అధ్యయనం 2021లో వెలువడింది. ఒకే జట్టులో ఆడినవాళ్లకు కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్టుగా తలపడిన పరిచయం మేలు చేయకపోగా, కొన్ని విషయాల్లో కీడే చేసింది. కాబట్టి మొదటి సాయంత్రమే ‘మీ ప్రాంతం, మా ప్రాంతం’ అంటూ స్నేహపూర్వక మ్యాచ్ పెట్టే అలవాటు మానుకుంటే మంచిది. ఆడించాలనుకుంటే జట్లు కలిపి వేయండి.

అసలు తప్పు అంతకంటే ముందే, ఎంపికలో జరుగుతుంది. పేర్లు పంపమని కాలేజీలను అడిగితే వచ్చేది ఫస్టు ర్యాంకులవాళ్లు, వక్తృత్వ పోటీల్లో గెలిచినవాళ్లు, పలుకుబడి ఉన్న ఇళ్ల పిల్లలు. వాళ్లు ఎక్కడైనా కలిసిపోగలరు, వాళ్లకు ఈ శిబిరంతో పని లేదు. వయసు 16 నుంచి 19, ఆరోగ్యం, ఇంటివాళ్ల అంగీకారం, ఈ మూడూ చూసుకుని మిగతాది లాటరీకి వదిలేయాలి. రుసుము వద్దు. ఎంత చిన్న మొత్తమైనా అది జల్లెడలా పనిచేసి, రావాల్సినవాళ్లనే ఆపేస్తుంది. కూలికి వెళ్లే కుర్రాడు పది రోజులు రావాలంటే ఆ పది రోజుల సంపాదన ఇంటికి లోటు. అందుకని భృతి ఇవ్వాలి, అదీ అందరికీ సమానంగా. అవసరమున్నవాళ్లకే ఇస్తే వాళ్లెవరో తొలిరోజే అందరికీ తెలిసిపోతుంది. అమ్మాయిల విషయంలో తల్లిదండ్రులతో ఒక సమావేశం చాలదు, కనీసం రెండు కావాలి. రెండోసారి తోడు వచ్చే మహిళా నిర్వాహకురాలు స్వయంగా వెళ్లి కూర్చుంటేనే ఆ ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయి.

ఒక్కో వైపు నుంచి 12 మంది, మొత్తం 24 మంది ఉంటే నడపడం సులువు. ముప్పై దాటితే ఎవరి గుంపు వాళ్లదైపోతుంది. ఎనిమిది మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. రోజుల సంఖ్య దగ్గర బేరం పనికిరాదు. మొదటి రెండు రోజులు మర్యాదల్లో గడుస్తాయి. మూడో రోజో నాలుగో రోజో ఇల్లు గుర్తొస్తుంది, తిండి నచ్చదు, నిద్ర చాలదు. భోజనాల దగ్గర ఎవరి భాషవాళ్లు వాళ్ల పక్కనే కూర్చుంటారు, చిన్న మాటకే అలుగుతారు. ఆ గడ్డురోజు దాటాక గానీ నిజమైన పరిచయం మొదలవదు. ఐదు రోజుల కార్యక్రమమైతే అలక తీరకముందే రైలెక్కించినట్టు. ఎనిమిది నుంచి పది రోజులు ఉండాలి. డబ్బు తక్కువైతే చూడదగ్గ స్థలాల జాబితాలో కోత వేయండి, రోజుల్లో కాదు.

బస హాస్టల్లోనా, ఇళ్లలోనా అంటే ఇళ్లలోనే. ఒక్కో ఇంట్లో ఇద్దరేసి అతిథులు, ఆ ఇంట్లో అదే వయసు యువతి గానీ యువకుడు గానీ తప్పనిసరి. ముందుగా వెళ్లి చూసుకోవాల్సినవి: విడిగా పడుకునే చోటు, లోపల గడియపడే స్నానాలగది, ఇంట్లో తాగుడు గొడవలు, అతిథుల మందులు, తినకూడని పదార్థాలు. ఇంటి ఖర్చుకిచ్చే డబ్బు అన్ని ఇళ్లకూ ఒక్కటే. బహుమతులు వద్దని రెండు వైపులా ముందే రాసి ఇవ్వండి, లేకపోతే ఒక ఇంటివాళ్లు వాచీ కొనిచ్చారని ఇంకో ఇంటివాళ్లు అప్పు చేస్తారు. ఇంకో పొరపాటు పైకి కనిపించదు. పేద పిల్లలందరినీ కలిగినవాళ్ల ఇళ్లలో ఉంచి, కలిగినవాళ్ల పిల్లలు వచ్చినప్పుడు ‘సౌకర్యం ఉండదు’ అని హాస్టల్లో దించుతారు. అతిథిని ఆదరించే గౌరవం ఒక వైపుకే దక్కితే రెండో వైపు ఎప్పటికీ పుచ్చుకునేవాళ్లుగానే మిగిలిపోతారు.

ఇక కలిసి చేసే పని. అది మూడు నాలుగు రోజుల్లో పూర్తవ్వాలి, చివర్లో కళ్లకు కనిపించేది ఒకటి మిగలాలి, ముందే ఎవరికీ ఆరితేరినది కాకూడదు. రోడ్డు మీద ప్రమాదకరమైన మలుపులు కొలిచి పటం గీయడం ఇందుకు బాగా సరిపోతుంది. నలుగురు ఒక బృందం: ఇద్దరు టేపు చెరో కొస పట్టుకుంటారు, ఒకరు కొలతలు రాస్తారు, ఒకరు అక్కడివాళ్లను ప్రశ్నలడుగుతారు. గంటకోసారి పనులు మారి తీరాలి. మార్చకపోతే కలం పట్నం పిల్లల చేతికి వెళ్తుంది, టేపు కొస పట్టుకుని ఎండలో నిలబడటం పల్లె పిల్లల వంతవుతుంది, మంచినీళ్లు తెచ్చే పని అమ్మాయిలకు పడుతుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు, దానంతటదే అలా సర్దుకుంటుంది. శ్రమదానం పేరుతో చీపుళ్లు పంచడం ఇంకా చెడ్డ ఆలోచన. ఇంట్లో ఊడ్చేవాళ్లే ఇక్కడా ఊడుస్తారు, మిగతావాళ్లు ఫొటో తీసేదాకా చీపురు పట్టుకుంటారు.

భాష వేరైతే కార్యక్రమం సగానికి తగ్గించుకోండి. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి కాబట్టి రెట్టింపు సమయం పడుతుంది. అనువదించేవాళ్లు తొందరలో నాలుగు వాక్యాలను ఒక్క వాక్యం చేస్తారు, తీసేసిన మూడింట్లోనే చాలాసార్లు అసలు సంగతి ఉంటుంది. రెండు మూడు వాక్యాలకోసారి ఆగమని మాట్లాడేవాళ్లకే నేర్పాలి.

కులం, మతం, డబ్బు గురించి మాట్లాడించాలా? మాట్లాడించాలి, కానీ ఐదో రోజుకు ముందు వద్దు. ఆరుగురికి మించని గుంపు, ముప్పావు గంట చాలు. ‘నాకు ఇలా జరిగింది’ అనొచ్చు, ‘మీవాళ్లు ఇంతే’ అనకూడదు. చెప్పడం ఇష్టం లేకపోతే ఊరుకునే హక్కు ఉండాలి. గుంపులో ఒక్కరే ఉన్న మతస్థుణ్ణి ‘మీలో ఎందుకలా?’ అని అడగడం ఆ పిల్లవాడి నెత్తిన మొత్తం సమాజాన్ని మోపడమే. ‘ఇంట్లో పుస్తకాలున్నవాళ్లు ఒక అడుగు ముందుకు’ అనే ఆటలు శిక్షణ పుస్తకాల్లో బాగానే ఉంటాయి. చివరి వరసలో మిగిలిపోయిన అమ్మాయి నేర్చుకునేది మాత్రం సిగ్గే.

తిరుగు ప్రయాణం, అంటే ఆతిథ్యం ఇచ్చినవాళ్లు అతిథులుగా అవతలి ఊరికి వెళ్లడం, నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో జరగాలి. మూడు నెలలు దాటితే పరీక్షలు, పెళ్లిళ్లు, ఉద్యోగాలు అడ్డొచ్చి జట్టు సగమవుతుంది. ఆ తేదీ ఖాయం కాకుండా మొదటి బృందాన్ని కదిలించకండి.

ఆశలు కూడా అదుపులో ఉండాలి. ఇరాక్‌లో ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చిన క్రైస్తవ ఆటగాళ్లలో కొందరిని ముస్లింలతో కలిపి ఫుట్‌బాల్ జట్లు వేసిన సల్మా మూసా అధ్యయనం 2020లో వచ్చింది. కలిసి ఆడినవాళ్లు ఆరు నెలల తర్వాత కూడా ముస్లింలతో సాధన చేయడానికి ఎక్కువగా ముందుకొచ్చారు. మైదానం బయట, ముఖపరిచయం లేనివారి విషయంలో మాత్రం పెద్దగా మార్పు కనిపించలేదు. నైజీరియా 1973లో మొదలుపెట్టిన జాతీయ యువజన సేవా పథకం పట్టభద్రులను ఏడాది పాటు సేవకు పంపుతుంది, చాలామందిని సొంత రాష్ట్రం బయటకే. పది రోజుల శిబిరం దానికి సాటి రాదు. అతిథి ఇంట్లో ఉన్నప్పుడే ఇరుగుపొరుగును, బంధువులను ఒక పూట పిలిచి పరిచయం చేస్తే ప్రభావం కాస్తయినా ఆ ఇంటి గడప దాటుతుంది.

ఫలితం కొలిచే తీరూ మారాలి. ఆఖరి రోజు కన్నీళ్ల మధ్య ఫారాలు పంచితే అందరూ ఐదుకు ఐదు వేస్తారు. బయల్దేరే ముందు ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి ఒకే ప్రశ్నలు అడగండి: గత నెలలో అవతలి వైపువాళ్లు ఎంతమందితో మాట్లాడావు, పనిలో జతగా ఎవరిని కోరుకుంటావు? లాటరీలో పేరు రానివాళ్లనూ ఇవే అడిగితే తేడా శిబిరం వల్ల వచ్చిందో లేదో తెలుస్తుంది. ఈ వెసులుబాటు కోసమైనా లాటరీ పెట్టాలి.

మీ విలేకరులకూ ఒక విన్నపం. ప్రారంభోత్సవానికీ వీడ్కోలుకూ కాకుండా నాలుగో రోజు భోజనాల వేళకు రండి. ఎంపిక ఎలా జరిగిందో, తిరుగు ప్రయాణం ఎప్పుడో నిర్వాహకుల్ని అడిగి వార్తలో రాయండి. పిల్లల ఫొటో వేసేముందు వాళ్లనూ, ఇంటివాళ్లనూ అడగండి, కింద వాళ్ల కులం, మతం రాయకండి.

– యువజన శిబిరాల నిర్వాహకులు