మంత్రిగారూ, వేరుశనగ పువ్వు ఆఫీసు వేళల్లో పూయదు

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రిగారికి, అనంతపురం జిల్లాలోని ఒక పరిశోధన క్షేత్రంలో పనిచేసే కూలీల తరఫున నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

క్షేత్రం పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మా సంగతి తేలకముందే మా మేస్త్రీ మీద, ఆయన పైనున్న చిన్న ఉద్యోగి మీద విచారణ మొదలవుతుంది. పాపం, వాళ్ల చేతిలో ఏమీ లేదు. అయినా మా అర్జీలన్నీ మీకు చేరాయి, రసీదులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, కాబట్టి మేమెవరో తెలుసుకోవడం మీకు కష్టం కాదు. ఒక అర్జీకి జవాబు కూడా వచ్చింది. ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం. ఏ సమస్య, ఎవరు పరిష్కరించారు అని అడుగుదామంటే ఆ నంబరుకు తిరిగి రాసే వీలు లేదు.

ముఖం చూపించే హాజరు యాప్ గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఉదయం తొమ్మిదిన్నరకు ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి ఫోను ముందు నిలబడాలి. ఆ రెండింటి మధ్య జరిగిందే పని, దానికే కూలి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగాలకు ఇది బాగానే ఉంటుందేమో. మా చిక్కంతా వేరుశనగ పువ్వుతో. అది పొద్దుపొడుపు వేళ విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. పైగా పూర్తిగా విచ్చుకునేలోపే తన పుప్పొడి తనకే అంటించుకుంటుంది. రెండు రకాలను కలిపి కొత్త రకం తీయాలంటే ముందురోజు పొద్దువాలాక మొగ్గ దశలోనే దాన్ని పట్టుకోవాలి.

ఆ పని మీరెప్పుడూ చూసి ఉండరు. మీరు వచ్చినరోజు మమ్మల్ని వెనక షెడ్డులో కూర్చోబెట్టారు కాబట్టి ఇక్కడే చెబుతాను. మొగ్గను ఎడమచేతి రెండు వేళ్ల మధ్య పట్టుకుని, సన్నటి పట్టకారుతో రేకులను చిరగకుండా ఒక్కొక్కటే పక్కకు మడవాలి. లోపల పది కేసరాలు ఉంటాయి. అందులో రెండు ఉత్తవి. పుప్పొడి ఉండే ఎనిమిదింటినీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా పువ్వు తనకు తానే కాయ కట్టుకుంటుంది. పట్టకారు కాస్త గట్టిగా తగిలితే పుప్పొడిని అందుకునే కొన, అదే కీలాగ్రం, విరిగి మొగ్గ దండగవుతుంది. అన్నీ తీశాక రేకులు మళ్లీ మూసి, రంగుదారం కట్టి వదలాలి. మరునాడు వెలుతురు వచ్చీ రాగానే రెండో రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడిని అంటించాలి. ఎండ ముదిరితే లాభం లేదు. దారం కట్టని పూలన్నీ ఆ పూటే తుంచేయాలి. ఒక్కటి మరిచినా దాని ఊడ, అంటే చివర కాయ కట్టే కాడ, కూడా భూమిలోకి దిగుతుంది, తవ్వినప్పుడు ఏది కలిపిన కాయో ఏది మామూలు కాయో తేలదు.

అంటే అయ్యా, మీ యాప్ తెరుచుకునేసరికి మా పొద్దుటి పని అయిపోతుంది. అది సాయంత్రం మమ్మల్ని ఇంటికి వెళ్లమన్నాక మా రెండో పని మొదలై, కళ్లు కనిపించినంతసేపూ సాగుతుంది. దాని లెక్కలో మేం కలుపు తీసేవాళ్లం, కుండీలకు నీళ్లు పోసేవాళ్లం, అంతే. ఇంకో చిత్రం వినండి. పొద్దున్న ఐదున్నరకు వచ్చి, పూలపని ముగించి, ఇంటికి పరుగెత్తి పిల్లలకు అన్నం వండిపెట్టి తిరిగి వచ్చేసరికి పది నిమిషాలు దాటితే సగం రోజు కూలి కోత. తెల్లవారకముందే వచ్చిన మనిషి ఆలస్యంగా వచ్చినట్టు ప్రభుత్వ రికార్డు!

మాలో అందరికంటే పెద్దావిడ ఒకరున్నారు. అందరం పెద్దమ్మ అని పిలుస్తాం. సంతకం చేయడం రాదు. ఇప్పుడు కాలేజీల్లో మొక్కల ప్రజననం పాఠాలు చెబుతున్న కొందరు ఒకప్పుడు ఆమె పక్కన పీట వేసుకుని పట్టకారు పట్టడం నేర్చుకున్నవారే. వారి సిద్ధాంత గ్రంథాల మొదటి పేజీల్లో తల్లిదండ్రులకు, గురువులకు, స్నేహితులకు కృతజ్ఞతలు చెప్పాక ‘క్షేత్ర సిబ్బందికి’ అని ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్కే ఈమె. 2000లో జిల్లా అంతటా వేరుశనగ నిలువునా ఎండిపోయి సుమారు 300 కోట్ల రూపాయల పంట పోయిన ఏడు మీకు గుర్తుండే ఉంటుంది. అది పొగాకును పట్టే వైరస్ అని, వయ్యారిభామ పుప్పొడిలో ఉండి తామర పురుగుల వల్ల పంటకు చేరుతుందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కనిపెట్టాక గట్ల మీది వయ్యారిభామను పీకాలి కదా. చేతికి తొడుగులు లేకుండా పీకినవారిలో పెద్దమ్మ ఒకరు. ఆ కలుపు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. మోచేతుల దగ్గర ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈమధ్య ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. డాక్టరు పెట్టుకోమన్న నల్లద్దాలతో నిలబడితే యాప్ ఆమెను గుర్తుపట్టలేదు. అద్దాలు తీస్తే కళ్ల వెంట నీళ్లు, అప్పుడూ గుర్తుపట్టలేదు. ఆ రోజులన్నీ గైర్హాజరు. ఆమె చేతిపని మీద డాక్టరేట్లు వచ్చాయి, ఆమె ముఖం మీద మాత్రం మీ ప్రభుత్వానికి అనుమానం.

ఈ లెక్క ప్రకారమే ఇవ్వండి అంటే అదీ లేదు. ఉగాది తర్వాత మాకు కూలి అందలేదు. క్షేత్రంలో అడిగితే బిల్లు పెట్టామంటారు. ఖజానాలో అడిగితే రాలేదంటారు. కాంట్రాక్టు ఏజెన్సీని అడిగితే పైనుంచి పడాలి అంటారు. పైన ఉన్నది మీరే కదా అని ఈ లేఖ. భవిష్యనిధి కింద కోసిన డబ్బు ఎక్కడుందో కూడా ఎవరూ చెప్పరు. కిరాణా కొట్టతను అప్పు పుస్తకం మూసేశాడు. మా దగ్గర పనిచేసే పరిశోధక విద్యార్థికి ఫెలోషిప్ ఆగిపోయి నెలలు గడిచాయి. ఆ అబ్బాయే రంగుదారాలు సొంత డబ్బుతో కొని, మాకు పొద్దుటి టీ ఇప్పిస్తున్నాడు. అతనికి మేం చేబదులు ఇవ్వాల్సింది పోయి, మాకే అతను ఇస్తున్నాడు.

2019లో వేరుశనగ జన్యుక్రమం మొత్తం చదివేశారట, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలకూ అందులో భాగముందట. సంతోషం. ఆకు ముక్క పరీక్షించి ఏ మొక్కలో ఏ గుణముందో చెప్పేయవచ్చని ఆ అబ్బాయి వివరించాడు. మంచి మొక్కను ఏరుకోవడం సులువైంది. రెండు మొక్కలను కలపడం మాత్రం ఇవాళ్టికీ పట్టకారుతోనే జరుగుతోంది. 1940లో తమిళనాడులోని తిండివనం నుంచి వచ్చిన టీఎంవీ-2 అనే వేరుశనగ రకం ఈ జిల్లా రైతులను ఎన్ని దశాబ్దాలు పట్టుకుని ఉందో, కదిరి-6 అనే కొత్త రకం వచ్చి దాన్ని కదిలించడానికి ఎంత కాలం పట్టిందో మీ అధికారులను అడగండి. ఈ ఏడు మేం కట్టే దారం రైతు సంచిలోకి విత్తనంగా చేరడానికి పదేళ్లయినా పడుతుంది. అప్పటికి మీరు ఏ శాఖలో ఉంటారో, ఏ పార్టీలో ఉంటారో.

మీరు వచ్చినరోజు శాస్త్రవేత్తలకు శాలువాలు కప్పినందుకు మాకు ఏ బాధా లేదు. వాళ్లకు తగినదే. శాలువా మాకు వద్దు, ఈ ఎండల్లో కప్పుకోలేం కూడా. పూత రోజుల్లో పొద్దుటి పనిని, సాయంత్రపు పనిని పనిగా రాసుకోండి. యాప్‌లో కుదరకపోతే మేస్త్రీ దగ్గరి మస్టరు పుస్తకంలో రాయించండి, ఇన్నేళ్లూ అందులోనే రాశారు. పెద్దమ్మకు కోసిన కూలి ఇప్పించండి. బకాయిలు ఇప్పించండి. ఇప్పించండి అని రాసి రాసి మాకే విసుగొస్తోంది, చదివేవారికి రాదా?

ఖరీఫ్ విత్తనం పడింది. ఇంకో మూడు నాలుగు వారాల్లో పూత మొదలవుతుంది. ఆలోగా మా బకాయిలకు ఒక తేదీ చెప్పండి. చెప్పలేకపోతే రావని అయినా చెప్పండి. పక్క ఊరి చీనీ (బత్తాయి) తోటల్లో పని ఉందని మమ్మల్ని పిలుస్తున్నారు, అక్కడ ఏ వారం కూలి ఆ వారమే ఇస్తారు. సగం మంది పోవడానికి సిద్ధంగా ఉన్నారు, పెద్దమ్మ ఒక్కరే ఈ పూత అయ్యేదాకా ఆగుదాం అంటున్నారు.

ఇట్లు,
క్రాసింగ్ పనిచేసే కూలీల తరఫున,
వారిలో ఒకతె,
అనంతపురం జిల్లా