ఒక్కదాన్నే వెళ్తున్నాను, ఇంట్లో ఏ గొడవా లేదు

సంపాదకులకు నమస్కారం.

మార్చి మొదటి వారంలో నేను వియత్నాం వెళ్తున్నాను. ఒక్కదాన్నే, 28 రోజులకి. నాకు 61 ఏళ్ళు. విశాఖలో 32 ఏళ్ళు పిల్లలకి సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా ఎం.వి.పి. కాలనీ అపార్ట్‌మెంట్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంట్లో ఏదైనా గొడవా మేడమ్?" కిందింటి ఆవిడైతే నా చెయ్యి పట్టుకుని, పిల్లలేమైనా అన్నారా అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ ప్రేమని తప్పు పట్టను. కానీ ఏ గొడవా లేదు.

మావారు పోయి నాలుగేళ్ళయింది. మా ఇంట్లోకి వచ్చిన వస్తువే తప్ప బయటికి వెళ్ళింది లేదు. రెండు బీరువాల చీరలు, అటక నిండా స్టీలు డబ్బాలు, ఇత్తడి గంగాళం, ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం ఆరు పరుపులు. కిందటి దసరాకి ఆ డబ్బాలు తోమిద్దామని స్టూలెక్కి పడ్డాను. వాటిలో ఒక్కటీ నేను వాడేది కాదు. నెల రోజులు ఒక్క సంచితో బతికి చూడాలని ఆ రోజే అనుకున్నాను. ఆ నెలలో గుర్తుకు రాని వస్తువేదీ తిరిగొచ్చాక ఇంట్లో ఉంచను. "ఇక్కడే ఉండి చెయ్యొచ్చు కదమ్మా" అంటుంది మా అమ్మాయి. ఇక్కడుంటే గ్యాసు, మెయింటెనెన్సు, పెళ్ళి పిలుపులు నన్ను వదలవు.

నా టికెట్టుకి చేతి సామాను 7 కిలోలే. సందు చివర కిరాణా షాపులో కాటా మీద పెడితే మొదటిసారి 11 కిలోల 400 గ్రాములు తూగింది. నాలుగు కాటన్ చీరల్లో రెండు తీసేసి, ఉతికి ఆరేసుకోవడానికి తాడు పెట్టుకున్నాను. గోంగూర పచ్చడి సీసా వదిలేయాల్సి వచ్చింది. అదీ ద్రవం కిందే లెక్కట, 100 మిల్లీలీటర్లు దాటితే రానివ్వరు. బీపీ మాత్రలు, డాక్టరు చీటీ మాత్రం కదపలేదు. నాలుగోసారికి 6 కిలోల 800. షాపతను నాకన్నా సంతోషించాడు.

హోయ్ ఆన్ అనే పాత రేవు పట్నంలో ఎక్కువ రోజులుంటాను. అక్కడికి దగ్గర్లోనే మిసన్ అనే చోట, పూర్వం ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు రాజులు కట్టించిన ఇటుక శివాలయాలు, సంస్కృత శాసనాలు ఉన్నాయి. నాలుగో శతాబ్దంలో చంపా రాజు భద్రవర్మ అక్కడ భద్రేశ్వరుడనే పేరుతో శివుణ్ణి ప్రతిష్ఠించాడు. 1969లో అమెరికా బాంబులకి పెద్ద గోపురం కూలిపోయింది. ఇన్నేళ్ళూ చంపా అన్న పేరు బోర్డు మీద రాసి చెరిపాను. ఇప్పుడు ఆ ఇటుకల పక్కన కూర్చోవాలి.

ఊళ్ళో ఒక ట్రావెల్ ఆఫీసుకి వెళ్తే, ప్యాకేజీ ధర గదికి ఇద్దరి లెక్కన అనీ, ఒక్కరైతే అదనం అనీ చెప్పి, "మీతో మగవాళ్ళెవరూ రారా?" అని అడిగారు. మనసు చివుక్కుమంది. అన్నీ నేనే చేసుకున్నాను. ఈ-వీసా ఆ దేశ ప్రభుత్వ సైటులోనే దొరుకుతుంది. 25 డాలర్లు, 90 రోజుల వరకూ ఇస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా కొట్టాలి, అంతే.

మీ ఆదివారం సంచికలో విహారయాత్రల గురించి రాసేటప్పుడు ఒక్కరే వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే సంగతులు కూడా వేయండి. వీసా, ప్రయాణ బీమా, అక్కడి భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబరు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కడెక్కడ తిరగగలరో. నాతో పనిచేసిన టీచర్లు ముగ్గురు విడివిడిగా ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మేమూ వెళ్ళగలమా?" అని అడిగారు.

విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం