మందుపాతరల నిషేధ ఒప్పందంలో భారత్ చేరాలి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా, కలిమెల ప్రాంతం. శబరి దాటితే ఛత్తీస్‌గఢ్, సీలేరు దాటితే ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు, కాగితం మీద ఒడియా, సంతలో కోయ మాట్లాడుకునే జనం మేము. ఉద్యోగకాలమంతా ఈ పల్లెల్లోనే ఏఎన్ఎంగా పనిచేశాను. మనిషి అడుగు పడితే పేలే మందుపాతరలను నిషేధించే 1997 నాటి ఒట్టావా ఒప్పందంలో మన దేశం చేరాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఏ విదేశీ సరిహద్దూ లేని జిల్లాలో ఉన్నవారికి ఈ సంగతులు ఎందుకని ఎవరైనా అనవచ్చు. మా చుట్టుపక్కల ఎం.వి. 79 వంటి ఊళ్ళున్నాయి. వాటికి అంకెలే పేర్లు. తూర్పు పాకిస్తాన్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన బెంగాలీ కుటుంబాల కోసం, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద అడవి కొట్టి కట్టినవి. ఎక్కడో పద్మా నది ఒడ్డున రగిలిన హింస వాళ్ళ ఇళ్ళను తీసుకుంది, మా కోయల అడవినీ తీసుకుంది. అందువల్ల దూరపు మంటలతో మాకేమీ సంబంధం లేదన్న మాట నేను ఒప్పుకోలేను.

ఇక మందుపాతర సంగతి. తునికాకు కోతకు వెళ్ళిన ఒక కోయ రైతును మంచం మీద మోసుకొచ్చారు. ఎవరు పాతిపెట్టారన్న చర్చలోకి నేను వెళ్ళను. పాదం ఉండవలసిన చోట మట్టి, ఆకుల ముక్కలు, చెప్పు రబ్బరు మాంసంలోకి దిగబడి ఉన్నాయి. పేలుడు అన్నింటినీ పైకి తోసేస్తుంది. అందుకే డాక్టర్లు కంటికి కనబడే గాయానికి ఇంకా పైన కోయవలసి వస్తుంది. పసిపిల్లలకైతే కోసిన ఎముక మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ కోయాలి, కృత్రిమ కాలు మళ్ళీ మార్చాలి. ఆ రైతుకు తరవాత జైపూర్ కాలు పెట్టించారు. దానితో బురదలో నడవవచ్చు, గొంతుకు కూర్చోవచ్చు. 1968లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పకారుడు రామచంద్ర శర్మ కలిసి తయారుచేసిన ఆ కాలును మన దేశం ఆఫ్ఘనిస్తాన్ వంటి యుద్ధ దేశాలకూ పంపింది. ఇంతమందికి కాళ్ళిచ్చిన దేశం, కాళ్ళు తీసే ఆయుధాన్ని వద్దనడానికి ఎందుకు వెనకాడుతోంది?

లావోస్ మీద 1964 నుంచి 1973 వరకు అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న గుండ్లలో లక్షలకు లక్షలు పేలకుండా మట్టిలోనే మిగిలాయి. ఆ యుద్ధం ఆగిన తరవాత పుట్టినవాళ్ళు, ఆ పిల్లల పిల్లలు కూడా పొలం దున్నుతూ వాటి మీద పడుతున్నారు. వియత్నాంలో యుద్ధకాలంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే ఆకులు రాల్చే మందులోని డయాక్సిన్ విషం పాత వైమానిక స్థావరాల మట్టిలో ఇప్పటికీ ఉంది. ఉక్రెయిన్‌లో 2023 జూన్‌లో కఖోవ్కా ఆనకట్ట తెగినప్పుడు, నేలలో పాతిన మందుపాతరలు వరదనీటిలో కొట్టుకుపోయి ఎక్కడెక్కడికో చేరాయి. హెచ్చరిక బోర్డు పెట్టిన చోట అవి ఇక లేవు.

గాజా సంగతి మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. 2024 ఆగస్టులో అక్కడ పది నెలల బిడ్డకు పోలియో అని తేలింది. పాతికేళ్ళలో అదే మొదటి కేసు. మురుగునీటి వ్యవస్థ కూలిపోయింది, టీకాలు ఆగిపోయాయి, రోగం తిరిగొచ్చింది. మా జిల్లాలో చిత్రకొండ వైపు, జలాశయం నీళ్ళు చుట్టుముట్టిన కట్-ఆఫ్ ఏరియా గ్రామాలకు 2018లో గురుప్రియ వంతెన రాకముందు లాంచీలే దిక్కు. ఐసు కరగకముందే టీకా పెట్టె చేర్చాలన్న తొందరలో నీళ్ళ మీద వెళ్ళి చుక్కలు వేసినవాళ్ళు మాలో ఉన్నారు. అట్లాంటి లక్షల మంది కష్టం మీద మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరి దగ్గర ఆగింది. ఆ కష్టాన్నంతా ఒక యుద్ధం ఏడాది లోపే ఊడ్చిపెట్టగలదని గాజాలో చూశాను. బాంబుల లెక్క రాసేవాళ్ళు ఆ బిడ్డ కాలును కూడా అందులో రాయాలి.

మన దేశం వాదన నాకు తెలియనిది కాదు. మందుపాతరలు లేని ప్రపంచం మనకూ కావాలంటాం. పొడవైన సరిహద్దులున్నాయి, ప్రత్యామ్నాయం దొరికేదాకా తప్పదంటాం. అయితే 2001 డిసెంబరులో పార్లమెంటుపై దాడి తరవాత పశ్చిమ సరిహద్దు పొడవునా వాటిని నాటినప్పుడు ఏం జరిగింది? పంజాబ్, రాజస్థాన్, జమ్మూ కశ్మీర్‌లలో రైతులు సొంత పొలాల్లో అడుగుపెట్టలేకపోయారు. నాటేటప్పుడు, తీసేటప్పుడు మన జవాన్లే ప్రాణాలు కోల్పోయారు.

ఒప్పందంలో చేరగానే మా అడవిలోని మందుపాతరలు మాయం కావు. కానీ నేలను శుభ్రం చేయడం, గాయపడినవారికి వైద్యం, పునరావాసం, బతుకుతెరువు చూపడం ఆ ఒప్పందంలో బాధ్యతలు. ఇప్పుడు మా దగ్గర ఇవి దయాదాక్షిణ్యాల మీద నడుస్తున్నాయి. మొదటిసారి కాలు పెట్టిస్తారు. రబ్బరు అరిగాక రెండోది ఎవరిస్తారో తెలియక ఆ రైతు కర్రతోనే నడుస్తున్నాడు.

2025లో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిన్లాండ్, పోలండ్ ఈ ఒప్పందం నుంచి బయటికి పోవాలని నిర్ణయించుకున్నాయి. రష్యా అంటే వాళ్ళకున్న భయం అర్థమవుతుంది, నిర్ణయం మాత్రం తప్పే. ఇలాంటి సమయంలో మన వంటి పెద్ద దేశం లోపలికి అడుగుపెడితే ఆ మాటకు బరువుంటుంది.

వెంటనే చేరడం కుదరదంటే కనీసం రెండు పనులు చేయండి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ఈ ఒప్పందంపై తీర్మానం వచ్చిన ప్రతిసారీ మనం ఓటింగుకు దూరంగా ఉంటున్నాం. ఈసారి అనుకూలంగా ఓటు వేయండి. రెండోది, హోంశాఖతో మాట్లాడి, మల్కన్‌గిరి, గడ్చిరోలి, బస్తర్, భద్రాద్రి ప్రాంతాల్లో మందుపాతరలకు కాళ్ళు పోగొట్టుకున్నవారి జాబితా తయారు చేయించండి. అందులో ఉన్నవారికి కాలు అరిగినప్పుడల్లా కొత్తది వచ్చేలా చూడండి. వేసవిలో తునికాకు కోత మొదలయ్యేలోగా ఆ జాబితా పని ప్రారంభమైతే బాగుంటుంది.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఏఎన్ఎం,
కలిమెల, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా