పెన్న ఒడ్డు నుంచి ఒక నడక దారి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరులో చూడటానికి ఏముందని ఎవరినైనా అడగండి. మైపాడు బీచ్ అంటారు, పెంచలకోన అంటారు, సోమశిల అంటారు. అన్నీ ఊరి బయటివే. ఊళ్లో ఏముందంటే మాత్రం చేపల పులుసు దగ్గరే ఆగిపోతారు. విక్రమసింహపురి అని పేరున్న ఊరికి ఇదేం ఖర్మ! అందుకే ఈ ఉత్తరం. నేను అడిగేది ఒక్కటే. రంగనాయకులపేటలో పెన్న ఒడ్డున మొదలై, సంతపేట, ట్రంకు రోడ్డు మీదుగా స్వర్ణాల చెరువు దాకా మనిషి భయం లేకుండా నడిచే దారి ఒకటి కావాలి.

తల్పగిరి రంగనాథస్వామి గుడికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. దర్శనం చేసుకుంటారు, గాలిగోపురం ముందు ఫొటో దిగుతారు, ఆటో ఎక్కేస్తారు. గుడిని ఆనుకుని పారే పెన్నను చాలామంది చూడనే చూడరు. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప జిల్లాలు దాటి ఇంత దూరం వచ్చిన నది అది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది, నిజమే. కానీ 2021 నవంబరులో అదే పెన్న పడుగుపాడు దగ్గర హైవేని, రైలు పట్టాలని కోసేసింది. ఆ వరదను చూసినవాళ్లెవరూ దీన్ని ఎండిన ఏరు అనరు.

ఈ ఒడ్డునే తిక్కన భారతం రాశాడని మా ఊళ్లో తరతరాల నమ్మకం. రాసిన చోటు ఇదేనని వేలు పెట్టి చూపించలేం గానీ, 13వ శతాబ్దంలో ఇక్కడి రాజు మనుమసిద్ధి కొలువులో ఆయన ఉన్నాడన్నది చరిత్ర. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసిన మనిషి, రాజ్యం పోగొట్టుకున్న రాజు కోసం ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం కూడా తెచ్చాడు. కవి అనగానే మనకు తాళపత్రాలే గుర్తొస్తాయి, ఈయన రాయబారి కూడా.

ఆయన వంశంలోనే ఖడ్గ తిక్కన కథ ఉంది. పశువుల మేతకు కట్టే పుల్లరి దగ్గర మనుమసిద్ధికీ, పశువుల మందల నాయకుడు కాటమరాజుకూ తగవు వచ్చింది. యుద్ధంలోంచి వెనక్కి వచ్చిన ఖడ్గ తిక్కనకు భార్య ఆడవాళ్లకు పెట్టినట్టు స్నానానికి నీళ్లు పెట్టి, మంచం అడ్డం నిలిపి, పక్కన పసుపు ముద్ద ఉంచిందట. అంతే, మళ్లీ కత్తి పట్టుకుని వెళ్లి తిరిగి రాలేదు. ఇంతకన్నా గట్టిగా చెప్పుకోవాల్సిన కథ ఏ ఊరికుంది? మా వీధుల్లో మాత్రం దీని గురించి ఒక్క బోర్డు నా కంటపడలేదు. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఓ రైతు దున్నుతుంటే రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆ మాట పిల్లలకు చెప్తే నమ్మరు.

ఇక నడక సంగతి. మా పాత వీధుల్లో పేవ్‌మెంటంటే మురుగు కాలవ మీద పరిచిన బండలే. ఒక బండ గట్టిగా ఉంటుంది, రెండోది ఊగుతుంది, మూడోది ఉండదు. దాటుకుని పోతే ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బజ్జీల బండి, బండి ముందు బైకులు. చివరికి రోడ్డు మీదికి దిగాల్సిందే, వెనక నుంచి హారన్ టెన్షన్. బజ్జీల బండిని తీసెయ్యమని నేను అడగడం లేదు. అదే లేకపోతే సాయంత్రం ఆ వీధి మొహం ఎవరు చూస్తారు? బైకులకు వేరే చోటు చూపించండి, బండలు సరిగ్గా వేయించండి. రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జీల్లో వానొస్తే నీళ్లు నిలుస్తాయి, ఆ పని కూడా ఇందులో కలపండి.

దారి చివర బారాషహీద్ దర్గా. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని చెరువు నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ రొట్టె తెచ్చి వేరేవాళ్లకిస్తారు. అందులో హిందువులెవరో ముస్లింలెవరో ఎవరూ అడగరు. ఆ కొద్ది రోజులు చెరువు గట్టు మీద లైట్లు, నీళ్లు, మరుగుదొడ్లు అన్నీ వస్తాయి. పండుగ అయిపోగానే మాయం. ఏడాది పొడుగునా అందులో సగం ఉంచినా చాలు.

ఒక భయం కూడా చెప్పాలి. టూరిజం అనగానే మనవాళ్లు సిమెంటు తీసుకొస్తారు. ‘ఐ లవ్ నెల్లూరు’ అని రంగు అక్షరాలు, ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు, నాలుగు రోజులు తిరిగి ఆగిపోయే ఫౌంటెన్. అవి మాకొద్దు. పెన్న పొర్లుకట్టను గట్టిచేసి దాని మీదే బాట వేసి, వేప, కానుగ మొక్కలు నాటితే ఇటు వరదకూ పనికొస్తుంది, అటు నడకకూ పనికొస్తుంది. కట్ట వెంట గుడిసెలు వేసుకున్నవాళ్లను అందం పేరుతో వెళ్లగొడితే మాత్రం ఈ ఉత్తరం నేను రాయనట్టే అనుకోండి.

బోర్డులు ముందు తెలుగులో ఉండాలి. ఏ శతాబ్దం, ఎవరు, ఏం జరిగింది అన్నది చాలు, పొగడ్తలు వద్దు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, ఆదివారం పొద్దున్నే జనాన్ని వెంట తిప్పించండి, వాళ్లకు చేతి ఖర్చులు కూడా ఇవ్వండి. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించిన పల్లిపాడు పినాకిని ఆశ్రమం కూడా ఈ నది ఒడ్డునే ఉంది. నడిచేంత దూరం కాదు కాబట్టి, ఆదివారాలు ఒక బస్సు వేస్తే సరిపోతుంది.

ఈ ఏడాది ఈశాన్య రుతుపవనం వానలు తగ్గాక, డిసెంబరు చివర్లో ఒకసారి రండి. కాన్వాయ్ గుడి దగ్గరే వదిలేసి దర్గా దాకా నడవండి. ఇంజనీర్లను కూడా వెంట తెచ్చుకోండి. ఉదయం ఆరు గంటలకల్లా బయల్దేరాలి, ఎనిమిది దాటితే సంతపేటలో అడుగు పెట్టడానికి సందు ఉండదు.

ఇట్లు,
రంగనాయకులపేట వాసి, నెల్లూరు