నేతగాళ్ల బొమ్మలు చెక్క అచ్చులు కావు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో కేథే కోల్‌విట్స్ (1867–1945) మీద వచ్చిన వ్యాసం బాగుంది. జర్మనీ కూలినాలి జనాన్ని బొమ్మకట్టిన ఆమె గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ. కానీ 1893–97 మధ్య ఆమె చేసిన ‘నేతగాళ్ల తిరుగుబాటు’ బొమ్మలు ఆరింటినీ చెక్క అచ్చులనేశారు. అందులో ఒక్కటీ చెక్కది కాదు. మూడు లితోలు, అంటే రాతి అచ్చులు. మిగతా మూడు లోహపు రేకును ఆమ్లంతో కొరికించి తీసిన ఎచింగులు. శ్రీకాళహస్తి కలంకారీనీ పెడన అచ్చు అద్దకాన్నీ ఒకే గాటన కడితే మా జిల్లాలో ఎవరూ ఊరుకోరు. ఇదీ అంతే.

ఆమె చదివింది చిత్రలేఖనం. భర్త కార్ల్ బెర్లిన్‌లో కూలీల పేటలో డాక్టరు. ఆయన దగ్గరికి వైద్యానికొచ్చిన ఆడవాళ్ల ముఖాలే ఆమె బొమ్మల్లోకి ఎక్కాయి. నేతగాళ్ల బొమ్మలకు 1898లో న్యాయనిర్ణేతలు పతకానికి సిఫారసు చేస్తే చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ కాదన్నాడు. ఇక చెక్క పట్టిందంటారా, యాభై దాటాకే. 1920లో జర్మన్ శిల్పి ఎర్న్‌స్ట్ బార్లాక్ చెక్క అచ్చులు చూశాక. అప్పటికి, 1919లో హత్యకు గురైన జర్మన్ కమ్యూనిస్టు నేత కార్ల్ లీబ్‌నెక్ట్ స్మారక చిత్రాన్ని ఎచింగ్‌గా చేసి చూశారు, లితోగా చేసి చూశారు, రెండూ ఆమెకు నచ్చలేదు. చివరికి చెక్కలో కుదిరింది. చెక్క మీద నలుపు, కాగితం తెలుపు తప్ప నడుమ బూడిదరంగు ఉండదు. ‘యుద్ధం’ వరుసలోని ఏడు, 1925 నాటి ‘కార్మికవర్గం’లోని మూడు (నిరుద్యోగం, ఆకలి, పిల్లల చావు) ఆ మొరటు నలుపు మీదే నిలబడ్డాయి.

వ్యాసంలో ‘ఉలితో గీతలు గీశారు’ అన్నారు. గీతను ఎవరూ చెక్కరు, గీత పక్కనున్న చెక్కను తీసేస్తారు. మిగిలిన మిట్ట మీదే సిరా అంటుకుంటుంది. ముందు కత్తితో గీతకు రెండు వైపులా గాటు పెట్టాలి, ఆ గాటు బయటికి వాలుగా ఉండాలి. లోపలికి వాలితే గీత అడుగున బోలై, నాలుగైదు అచ్చులకే విరిగి ఊడిపోతుంది. తర్వాత గాడి ఉలితో రెండు మూడు మిల్లీమీటర్ల లోతు తీయాలి. పెద్ద తెల్ల జాగాలైతే ఇంకాస్త లోతుగా తీయాలి, లేకపోతే సిరా పూసే రోలర్ అక్కడా మసి పూస్తుంది. నారకు అడ్డంగా మొద్దు ఉలి తోస్తే పెచ్చు లేస్తుంది.

చెక్క సంగతీ చెప్పాలి. మా వైపు చెక్కంటే ఎర్రచందనమే గుర్తొస్తుంది గానీ దాన్ని ముట్టుకుంటే కేసే, పైగా మరీ గట్టి. పొనికి మరీ మెత్తన, అంచు నలిగిపోతుంది. అంకుడు నున్నన, కానీ వెడల్పు పలక దొరకదు. నేర్చుకునేవాళ్లకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. చెక్కకు బొమ్మను తిప్పి ఎక్కించాలి, మరిచిపోతే అచ్చులో కమ్మరి సుత్తి ఎడమచేతికి పోతుంది. నూనె సిరాను పలచగా రుద్దాలి. మందమైతే సన్న గాట్లు పూడిపోతాయి. తిరుపతి ఎండలకు సిరా జారిపోతుంటే చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ కలిపితే బిగుస్తుంది. కాగితం పరిచి చెంచా వీపుతో రుద్దుతూ, ఒక మూల కదలకుండా పట్టుకుని ఇంకో మూల ఎత్తి చూడాలి. కదిలిందా, అంచు రెండుగా పడుతుంది.

వ్యాసంలో బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్‌ను (1915–78) కూడా చెక్క అచ్చుల పద్దులోనే చేర్చారు. ఆయన ఎక్కువగా కోసింది లినోలియం (లినో), అంటే నేల మీద పరిచే మెత్తటి షీటు. దానికి నార లేదు, ఉలి ఎటైనా తిరుగుతుంది. అందుకే ఆ వంపులు చెక్క అచ్చుల్లో అంత తేలిగ్గా రావు.

ఇకమీదట బొమ్మ కింద పేరు, ఏడాదితో పాటు ‘చెక్క’, ‘లినో’, ‘లితో’, ‘ఎచింగ్’ అని ఒక్క మాట వేయండి.

– చిత్రలేఖనం, చెక్కపని నేర్పే ఉపాధ్యాయులం, తిరుపతి