విశాఖ శ్రమజీవుల చరిత్రకు ఒక చోటు కల్పించండి: సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

అయ్యా,

విశాఖపట్నాన్ని ఎవరికి పరిచయం చేయవలసి వచ్చినా మనం రేవు, షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీలుప్లాంటు అని వరుసగా చెప్పి, వాటికి శంకుస్థాపన చేసిన పెద్దల పేర్లు, ఆ తేదీలు చెబుతాం. ఆ పేర్లు, తేదీలు చరిత్రలో ఉండవలసినవే. అయితే ఆ రేవును తవ్వినవారు, ఆ ఓడలను కట్టినవారు, ఉక్కు కోసం ఊళ్ళు ఖాళీ చేసి వెళ్ళినవారు ఎక్కడినుంచి వచ్చారో, ఎలా బతికారో తెలిపే పత్రాలనూ, ఫొటోలనూ, వారి గొంతులనూ ఒకచోట భద్రపరచే సంగ్రహాలయాన్ని ఈ నగరంలో నెలకొల్పాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను గాజువాకలో పుట్టి పెరిగాను. మా నాన్నగారు షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. నా చుట్టూ ఉన్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక గేటు దగ్గర కార్డు పంచ్ చేసి బతికినవారే.

మధ్య పరగణాల మాంగనీసును సముద్రం దాటించడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీకి తూర్పు తీరాన ఒక రేవు కావలసి వచ్చింది. డాల్ఫిన్ నోస్ కొండ వెనుక మేహాద్రిగెడ్డ నీళ్ళు సముద్రంలో కలిసే చోట, పోటుకు మునిగి ఆటుకు తేలే బురద నేలను తవ్వి, ప్రవేశ మార్గానికి అలల తాకిడి తగ్గించడానికి రెండు పాత ఓడలను అడ్డంగా ముంచి, ఆ రేవును సిద్ధం చేశారు. 1933 డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ దానిని ప్రారంభించారు. ఆ బురదలో దిగి గంపలు మోసిన కూలీల గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి జనం పని వెతుక్కుంటూ వచ్చి జ్ఞానాపురంలో, కంచరపాలెంలో, మల్కాపురంలో గుడిసెలు వేసుకున్నారు. అంతకుముందు ఈ తీరపు కూలీలు ఓడలెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళేవారు. అక్కడినుంచి తిరిగివచ్చిన కుటుంబాల జాడగా నగరంలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ ఉంది. ఆ పేటకు ఆ పేరు ఎందుకు వచ్చిందో అక్కడి పిల్లలకు చెప్పే ఫలకం ఒక్కటైనా ఉండాలని అడగడం అత్యాశ కాదని అనుకుంటున్నాను.

షిప్‌యార్డు సంగతి నాకు ఇంకా దగ్గరిది. వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలోని సింధియా కంపెనీ తలపెట్టిన ఆ యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ఆ భయం నుంచి తేరుకుని, 1948 మార్చి 14న ‘జల ఉష’ అనే ఓడను నెహ్రూ చేతులమీదుగా నీటిలోకి దించారు. యార్డు పూర్తిగా ప్రభుత్వపరమై ఆరు దశాబ్దాలు దాటినా ఆ ప్రాంతాన్ని మేము సింధియా అనే అంటాం, సిటీ బస్సు బోర్డు మీద కూడా సింధియా అనే ఉంటుంది.

ఓడను నీటిలోకి దించే రోజు గురించి మా నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు. ఏటవాలు దారికి కొవ్వు, గ్రీజు పట్టించి ఉంచేవారట. ఓడ బరువును పట్టి నిలిపిన కొయ్య చీలలను కొట్టి వదులు చేయడానికి ఓడ అడుగున కళాసీలు వరుసలు కట్టి నిలబడేవారు, మేస్త్రీ కేక వేయగానే అందరి సుత్తులూ ఒకే దెబ్బగా పడాలి. ఒక పక్క ముందు వదులైతే ఓడ ఒరిగే ప్రమాదం ఉంటుంది కనుక ఆ లయ తప్పకూడదు. పైన వేదిక మీద కొబ్బరికాయ కొట్టే క్షణానికి కింద ఉన్న మనుషులు చెమటతో తడిసి, గ్రీజు పూసుకుని, ఓడ కదిలిందా లేదా అని చెవులతో వినేవారట. మొదట కొయ్య కిర్రుమనేది, ఆ తర్వాతే కదలిక కనిపించేది. ఆ పనిలో ఆరితేరినవారు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. వారు ఏ లయలో కేక వేసేవారో, కొత్తగా చేరిన కుర్రవాడికి ఆ పని ఎలా నేర్పేవారో ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ దొరకదు.

ఇక ఉక్కు. ఉక్కు కర్మాగారం విశాఖకే కావాలని 1966 అక్టోబరు 15న అమృతరావు గారు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం గారి వంటి నాయకుల వెంట విద్యార్థులు, కార్మికులు, గృహిణులు కదిలారు, ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న కర్మాగారం విశాఖకు వస్తుందని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ కథను తెలుగువారందరూ ఏదో ఒక మేరకు ఎరుగుదురు. దీనికి రెండో సగమైన నిర్వాసితుల కథ మాత్రం గాజువాక పరిసరాలు దాటి పెద్దగా వినిపించదు.

కర్మాగారం కోసం 64 గ్రామాల భూములు పోయాయి. ఆ కుటుంబాలకు నిర్వాసితులుగా గుర్తించే ఆర్ కార్డులు ఇచ్చి అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వంటి చోట్ల నిర్వాసిత కాలనీలు వేశారు. కార్డు ఉండి కూడా ప్లాంటులో ఉద్యోగం రాని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కార్డు పట్టుకుని తండ్రి తిరిగాడు, తర్వాత కొడుకు తిరిగాడు, ఇప్పుడు మనవడి దగ్గర అది లామినేషన్ చేయించి ఉంది. కణితి పేరు ఇవాళ ప్లాంటు నీటి రిజర్వాయరుకు మిగిలింది, బాలచెరువు పేరు ఒక గేటుకు మిగిలింది. ఆ గేటులోంచి రోజూ వెళ్ళే ఉద్యోగికి అది ఒక ఊరి పేరన్న సంగతి తెలియకపోవచ్చు. కాలనీలోని ముసలమ్మలకు మాత్రం ఏ బావి ఎక్కడుండేదో, ఏ చెట్టుకింద పంచాయితీ జరిగేదో, ఏ పొలానికి ఏ పేరుండేదో ఈనాటికీ నోటికి వచ్చు. ఆ 64 ఊళ్ళ పటాన్ని వారి నోటి నుంచి విని గీయించడానికి ఇంకా కొన్నేళ్ళే వ్యవధి ఉంది. 1966లో ఇరవై ఏళ్ళున్న యువకుడికి ఇప్పుడు ఎనభై దగ్గరపడింది.

ఈ సంగ్రహాలయం కేవలం గొప్పలు చెప్పుకునే చోటు కాకూడదని కూడా మనవి. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో చెలరేగిన మంటలు, 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చిన స్టైరీన్ అనే విష ఆవిరి ఈ నగర చరిత్రలో భాగాలే. మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు, 2012లో ఆగిపోయిన జింకు స్మెల్టరు, 2021 జనవరిలో స్టీలుప్లాంటు అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక కూర్మన్నపాలెంలో వెలసిన దీక్షా శిబిరం కూడా అందులో ఉండాలి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించడం సంతోషమే. అది రావడానికి ముందు ఆ శిబిరంలో ఎండలో కూర్చున్నవారు ఏం మాట్లాడుకున్నారో కూడా రేపటివారికి తెలియాలి.

బీచ్ రోడ్డులో 2002లో కురుసుర జలాంతర్గామిని, 2017లో టీయూ-142 విమానాన్ని ప్రజల సందర్శనకు ఉంచిన నగరం మనది. ఇలాంటి పని చేయగల శక్తి, చూడవచ్చే జనం మనకు ఉన్నారు. నేను కోరేది అంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని. నగరంలోని పాతపట్నం ప్రాంతంలో శిథిలమవుతున్న పాత భవనాల్లో ఒకదానిని బాగుచేయించి ఇందుకు కేటాయించండి. మస్టర్ రోళ్ళు (హాజరు పట్టీలు), గేటు పాసులు, యూనియన్ కరపత్రాలు, భూసేకరణ పటాలు, ప్రమాద విచారణ నివేదికలు చెదలపాలు కాకముందే సేకరించి, వాటి నకళ్ళు ఉంచేలా ఆయా సంస్థలతో మీ శాఖ ఒప్పందం చేసుకోవాలి. అన్నిటికన్నా ముందు, భవనం కోసం ఎదురుచూడకుండానే, ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం విద్యార్థుల చేత వృద్ధ కార్మికుల, నిర్వాసితుల జ్ఞాపకాలను వారి మాటల్లోనే, మన ఉత్తరాంధ్ర యాసలోనే రికార్డు చేయించడం మొదలుపెట్టండి. ఆడవాళ్ళను మరచిపోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. నైట్ షిఫ్టుకు వెళ్ళే మనిషికి క్యారేజీ కట్టి, పగలు అతను నిద్రపోయే వేళ పిల్లలను అరుగుమీద కూర్చోబెట్టి నిశ్శబ్దంగా ఇల్లు నడిపిన వారికి ఈ నగరం గురించి చెప్పవలసినది చాలా ఉంది.

కాలనీ పెద్దలు కొందరు తమ ఆర్ కార్డులు, పాత పట్టాలు, పెళ్ళి ఫొటోలు స్కాన్ చేసుకోవడానికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మీరు విశాఖ వచ్చినప్పుడు ఒక పూట వడ్లపూడిలో గానీ అగనంపూడిలో గానీ వారితో కూర్చుని మాట్లాడవలసిందిగా కోరుతున్నాను. తేదీ తెలియజేస్తే, నడవలేని వారిని కూడా ఆటోలలో తీసుకువచ్చే బాధ్యత మాది.

భవదీయుడు,
షిప్‌యార్డు వెల్డరు కుమారుడు,
గాజువాక, విశాఖపట్నం