ఒంటె వెనక కాళ్ళకి, ముందు కాళ్ళు రాయునది

జనవరి 5, రాత్రి

ఒరేయ్ వెనక కాళ్ళూ,

ముందు తిట్టేది తిట్టేసెయ్. క్రిస్మస్‌కి ముందే ఉత్తరం అందుతుందని ఫోన్లో గొప్పగా చెప్పాను, తప్పే. కానీ లెక్కలు తీస్తే నేనేం ఆలస్యం చెయ్యలేదు. క్రిస్మస్ ఒక్కరోజు పండగ కాదురా, డిసెంబరు 25 నుంచి పన్నెండు రోజులు. ఆ పన్నెండో రోజు ఇవాళే. అది చాలదంటావా, ఆర్మేనియా చర్చి వాళ్ళు యేసు పుట్టుకని చేసుకునేదే జనవరి 6న. అదీ చాలదంటే రష్యాలో, సెర్బియాలో ఆర్థడాక్స్ వాళ్ళు పాత జూలియన్ క్యాలెండర్నే పట్టుకుని ఉన్నారు, వాళ్ళ పండగ ఎల్లుండి, 7న. నేను దీన్ని పోస్టు చేసేది కూడా ఎల్లుండే. ఇప్పుడు చెప్పు, ఎవర్రా లేటు? గొడుగు విషయంలో నువ్వు చేసిన వాదన కంటే నాది వంద రెట్లు నయం.

ఇంటి కబుర్లు ఒక్క ముక్కలో: అందరం క్షేమం, అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, పెద్దాడు పరీక్షలకి తప్ప అన్నిటికీ చదువుతున్నాడు, నా ఉద్యోగం ఉంది. అయిపోయింది. ఇక అసలు సంగతి. పది రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, చెప్పకపోతే పేలిపోయేట్టున్నాను.

ఈసారి పిల్లల క్రిస్మస్ నాటకం నా నెత్తిన పడింది. నవ్వకు. నవ్వుతున్నావని తెలుసు. "ఒంటె ముందు కాళ్ళుగా నీకు అనుభవం ఉంది కదా" అని అమ్మే అందరి ముందూ అనేసింది, తప్పించుకునే దారి లేకపోయింది. క్రిస్మస్‌కి ముందు వచ్చే అడ్వెంట్ నాలుగు ఆదివారాలు, వారానికో కొవ్వొత్తి, నాలుగు రిహార్సల్స్. మొదటి కొవ్వొత్తి వెలిగించిన రోజున వేషాలు పంచాను. మరియ, యోసేపు, గొల్లలు, దూతలు, జ్ఞానులు, గొర్రెలు. చివరికి తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి మిగిలింది. సత్రంవాడి వేషం మిగిలింది. "చోటు లేదు" అని తలుపు వేసెయ్యడం, అంతే. ఒక్క డైలాగు.

ఆ పిల్లకి నేను పెట్టుకున్న పేరు లాయరమ్మ. ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది నీకు.

"సత్రంవాడి పేరేంటి?" అంది. పేరు రాయలేదమ్మా అన్నాను. "మంచోడా చెడ్డోడా?" చెడ్డోడే అనుకో. "ఎందుకు చెడ్డోడయ్యాడు?" అదంతా రాయలేదు. "మరి వాడి గురించి ఏం రాశారు?" ఆగు, చూపిస్తానని పెద్ద మొనగాడిలా బైబిలు తీశాను. లూకా రెండో అధ్యాయం. చదివాను. మళ్ళీ చదివాను. ఒరేయ్, సత్రంవాడు లేడురా! పొత్తిగుడ్డలున్నాయి, పశువుల తొట్టి ఉంది, సత్రములో స్థలము లేదన్న మాట ఉంది. తలుపు తీసినవాడూ లేడు, వేసినవాడూ లేడు. ఇన్నేళ్ళూ ప్రతి డిసెంబరులో మనం పళ్ళు నూరిన మనిషి అసలు పుట్టనే లేదు! పిల్లలందరూ నా మొహం చూస్తున్నారు. "వచ్చే వారం చెప్తా" అని లేచిపోయాను.

ఆ వారమంతా నిద్ర లేదు. పాత వ్యాఖ్యానాలు తిరగేశాను. నాకు నచ్చింది ఏమిటంటే, మన తెలుగులో సత్రమని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాట కతాలూమా. ఇదే లూకా ఇదే మాటని ఇరవైరెండో అధ్యాయంలో, చివరి పస్కా భోజనం దగ్గర మళ్ళీ వాడాడు. అక్కడ మన బైబిల్లో ఏమనుందో తెలుసా? విడిది గది! అదే లూకా మంచి సమరయుడి కథలో, అదే, దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి ఆదుకున్నవాడి కథలో, డబ్బిచ్చి బస చేసే చోటుకి పాందోకియోన్ అని వేరే మాట వాడాడు. తెలుగులో పూటకూళ్ళవాని యిల్లు. అక్కడ ఆ ఇంటివాడు నిజంగానే ఉన్నాడు, రెండు దేనారాలు, ఆనాటి వెండి నాణేలు, చేతిలో పెట్టించుకున్నాడు కూడా. అంటే మన సత్రంవాడు లూకాలోనే ఉన్నాడు, కాకపోతే రెండో అధ్యాయంలో కాదు, పదో అధ్యాయంలో. పైగా అక్కడ మంచివాడు!

ఇది పట్టుకుని కొందరు పండితులు చెప్పేదేమిటంటే, యోసేపు వెళ్ళింది సొంత వంశం వాళ్ళ ఊరికి. ఆ రోజుల్లో మామూలు ఇళ్ళలో మనుషులు ఉండే చోటుకి ఆనుకునే పశువులని కట్టేవాళ్ళు, తొట్టి ఉండేది ఇంట్లోనే. జనాభా లెక్కలకని వచ్చిన చుట్టాలతో విడిది గది నిండిపోయి ఉంటుంది, అందుకని బిడ్డని తొట్టిలో పడుకోబెట్టి ఉంటారు. ఇంకోటి చూడు, "వారక్కడ ఉన్నప్పుడు" ఆమెకి నెలలు నిండాయని రాశాడు. ఆ రాత్రే వచ్చి తలుపులు తట్టారని ఎక్కడా లేదు. నొప్పులు పడుతున్న మనిషిని గాడిద మీద ఊరంతా తిప్పింది మన నాటకాలవాళ్ళే.

గాడిద అన్నానా, అదీ లేదు. ఎద్దూ లేదు. ఆ రెండూ పాత నిబంధనలో యెషయా మొదటి అధ్యాయం నుంచి నడుచుకుంటూ వచ్చాయి, ఎద్దు తన కామందుని ఎరుగును అన్న చోటు నుంచి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి క్రిస్మస్ రాత్రి గడ్డి పరిచి, తొట్టి పెట్టి, నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి నిలబెట్టించాడు. అక్కడి నుంచి ఎవరిని తొట్టి కట్టమన్నా ఆ రెండూ ఉండాల్సిందే. నక్షత్రం చూసి వచ్చిన జ్ఞానులు ముగ్గురని కూడా మత్తయి తన సువార్తలో రాయలేదు. బంగారము, సాంబ్రాణి, బోళము, కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అనుకున్నారు, అంతే.

ఇక కూర్చో. నీళ్ళు తాగు. మత్తయిలో ఒంటె లేదు.

అవును. మనం లేము. దుప్పటి కింద చెమటలు కక్కుకుంటూ, నీ తల నా వీపుకి గుద్దుకుంటూ, ఆ తోక సంగతి సరే సరి... అదంతా వాక్యవిరుద్ధం. యెషయా అరవయ్యో అధ్యాయంలో ఒంటెలూ బంగారమూ కలిసి వస్తాయి, ఎవరో అక్కడి నుంచి తోలుకొచ్చి జ్ఞానుల కింద కట్టేశారు. ఎద్దునీ గాడిదనీ ఉంచాను కానీ ఒంటెని తీసేశాను. తీస్తుంటే చెయ్యి ఆడలేదురా, నిజం.

రెండో ఆదివారం ఇదంతా పిల్లలకి చెప్పాను. లాయరమ్మ విని, "అయితే నాది ఇంటావిడ వేషం. ఇల్లు నిండా చుట్టాలు. మరియ వచ్చింది. నేనేమనాలి?" అంది. ఏమనాలో నాకేం తెలుసు? నోట్లోంచి అదే వచ్చేసింది: "జరగండి, కాస్త జరగండి."

మూడో ఆదివారం గులాబీరంగు కొవ్వొత్తి. ఆ ఆదివారం పేరే లాటిన్‌లో సంతోషించండి అని. ఆ రోజే గొడవ. మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు, పేరు వద్దులే, మూడో మెట్టు అంటే నీకే తెలుస్తుంది. "తాతల నాటి నుంచి ఉన్న సత్రంవాణ్ణి తియ్యడానికి నువ్వెవడివి?" అని లేచాడు. నేనూ ఆగలేదు. బైబిల్లో లేదు కదా అన్నాను. "బైబిల్లో లేనివన్నీ తీసేస్తావా? అయితే డిసెంబరు 25 ఎక్కడుందో చూపించు" అన్నాడు. కొట్టాడురా దెబ్బ. నాకు మాట లేదు. ఇంటికొచ్చి కూడా అదే ఆలోచన. లేనివన్నీ తీసేస్తూ పోతే ఎక్కడ ఆగాలి? అలా తీసేసినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులో పార్లమెంటు 1647లో పండగనే రద్దు చేసింది. మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటూ దొరికితే ఐదు షిల్లింగులు జరిమానా. నేను కూడా ఆ షిల్లింగుల బాపతేనా అని కాసేపు భయం వేసింది. కానీ ఒక మనిషి లేని తప్పుకి వెయ్యేళ్ళు తిట్లు తినడం, ఆ తిట్టు పిల్లల చేత ప్రతి ఏడూ తిట్టించడం... సరేలే, ఇది మనం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందాం.

ఇక 24 రాత్రి.

హాలు కిక్కిరిసింది. నేను తెర పక్కన నక్షత్రం తాడు పట్టుకుని నిలబడ్డాను. మొదటి బెంచీలో ఈ చివర అమ్మ, ఆ చివర పెద్దాయన, మొహం గంటు పెట్టుకుని. యోసేపు తలుపు తట్టాడు. లాయరమ్మ తలుపు తీసింది. వేదిక మీద చుట్టాలుగా కూర్చున్న పిల్లల వైపు తిరిగి, "జరగండి, కాస్త జరగండి" అంది. జరిగారు. బ్రహ్మాండం. అక్కడితో మరియ లోపలికి వచ్చెయ్యాలి.

అప్పుడే హాలు వెనక తలుపు తెరుచుకుంది. ఎవరో కొత్తవాళ్ళు, మొగుడూ పెళ్ళాం, చంకలో బిడ్డ. చోటు లేక గోడకి ఆనుకుని నిలబడ్డారు. లాయరమ్మ చూసింది. మరియని గుమ్మంలోనే నిలబెట్టేసి వేదిక అంచుకొచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని, "మొదటి బెంచీ! మీరే. జరగండి!" అంది.

మా అమ్మ ఉంది కదా. మోకాళ్ళు వంగవు కానీ తొయ్యడానికి మోకాళ్ళెందుకు? ఒక్క తోపు తోసింది. బెంచీ అంతా గూడ్సు బండి పెట్టెల్లా టకటకటక జరిగింది. ఆ చివర పెద్దాయన, పాటల పుస్తకంతో సహా, ధబ్!

ఊపిరి పీల్చిన చప్పుడు కూడా లేదు. లాయరమ్మ మాత్రం వంగి చూసి, "దెబ్బ తగిలిందా తాతయ్యా? పర్లేదు, లోపలికి రండి, తొట్టి దగ్గర చోటుంది" అంది. వేషం వదల్లేదు చూడు!

ఆయన లేచాడు. పంచె దులుపుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వేదిక ఎక్కాడురా! మేం కట్టిన అట్ట పాక గుమ్మం పిల్లల ఎత్తుకి కట్టింది, బెత్లెహేములో యేసు పుట్టిన చోట కట్టిన చర్చి గుమ్మం కూడా నాలుగడుగులేనట, ఎంతటివాళ్ళైనా వంగే వెళ్ళాలట. ఈయనా వంగి దూరి, గొర్రెల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నాకు నవ్వాగలేదు, తాడు జారింది. నక్షత్రం సర్రున దిగి సరిగ్గా ఆయన బట్టతల మీద, జానెడు ఎత్తులో ఆగింది.

జ్ఞానులు ఈసారి ఐదుగురు, ముగ్గురే అని ఎక్కడా లేదు కదా అని మిగిలిన పిల్లలందరినీ కలిపేశాను. వాళ్ళకి నేను నేర్పిందొక్కటే: నక్షత్రం ఎక్కడ ఆగితే అక్కడ మోకరించండి. మోకరించారు. పెద్దాయన ముందు. బంగారం డబ్బా ఆయన ఒళ్ళో పెట్టేశారు!

హాలంతా పడీ పడీ నవ్వడం మొదలైంది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ డబ్బాలు మూడూ రెండు చేతులతో అందుకుని, ఒక్కొక్కటే తీసుకెళ్ళి తొట్టి ముందు పెట్టాడు. మెల్లగా, ఎప్పటి నుంచో అలవాటున్నవాడిలాగా. హాలు దానంతటదే సద్దుమణిగింది. వెనకున్న ఆ చంటిపిల్ల, ఇప్పుడు మా అమ్మ పక్కన ఉంది, ఒక్కసారి ఏడ్చి ఊరుకుంది.

అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చాడు. పడ్డానని తిడతాడనుకుంటే, "ఆ పూటకూళ్ళవాడు ఏ అధ్యాయమన్నావు?" అన్నాడు. పది, చివర్లో అన్నాను. తలూపి వెళ్ళిపోయాడు.

నీకు రాయడానికి అసలు కారణం ఇది కాదు. అంటే ఇదే, కానీ ఇంకోటి ఉంది. ఇంటికొస్తుంటే దారిలో అమ్మ అంది, "ఆ డైలాగు నాదిరా. నాకు చెప్పకుండా వాడుకున్నావు." నాకు వెలగలేదు. "ఆ పిల్లాడు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడు మీ అన్నదమ్ములతో అన్నాను కదా" అంది.

నువ్వు "లేదాంటీ, వెళ్ళిపోతా" అన్నావు. మేమిద్దరం అప్పటికే ఒక్క మంచం మీద కొట్టుకుంటున్నాం. అమ్మ లైటు వేసి, "జరగండ్రా, కాస్త జరగండి" అంది, ఇంకేం అడగలేదు. ఆరు నెలలు. మీ ఇంట్లో ఏమైందో నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఒంటె వేసిందీ ఆ డిసెంబరులోనే కదా? నువ్వు దుప్పటి కింద ఏడుస్తున్నావని నాకు తెలుసురా. చెమట అన్నావు, నేనూ చెమటే అనుకున్నట్టు

అమ్మ పిలుస్తోంది. జ్ఞానుల బొమ్మలని కిటికీ దగ్గర్నుంచి తొట్టి దగ్గరికి జరపాలట, రేపు ఆరో తారీఖు, జ్ఞానులు వచ్చిన పండగ కదా, లేటైతే వాళ్ళకీ నాలాగే సాకులు వెతకాలి. నీకేమైనా రాయమంటావా అని అడిగాను. మంచం అదే ఉందని రాయమంది.

తోక సంగతి తర్వాత.

ముందు కాళ్ళు